పల్లెటూరి పాత పబ్ లీజుకు తీసుకుంటే లోపలి గోడ తీసేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ, తేడా ఉంటే సరిదిద్దండి. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మీరు, మీ బావగారు కలిసి ష్రాప్‌షైర్ వైపు ఒక పల్లెలో మూతపడ్డ పాత పబ్‌ను లీజుకు తీసుకుందామనుకుంటున్నారు. గ్రేడ్ 2 లిస్టెడ్ భవనం, అంటే చారిత్రక ప్రాముఖ్యం ఉందని చట్టరక్షణ జాబితాలో చేర్చినది. లోపల రెండు చిన్న గదులు, వాటి మధ్య చెక్క గోడ, ఎక్కడా బార్ కౌంటర్ లేదు, నడవాలోకి తెరుచుకునే చిన్న కిటికీలోంచి బీరు అందిస్తారు, గోడల పొడుగునా పాత బెంచీలు. ఆ మధ్య గోడ తీసేసి ఒకే హాలు చేసి, ఒక మంచి కౌంటర్ కట్టి, ఆంధ్రా భోజనం పెట్టాలని మీ ఆలోచన. ఏజెంటేమో "లిస్టింగ్ కాగితంలో లోపలి సంగతి ఒక్క ముక్క లేదు, బయట ముట్టుకోకపోతే చాలు" అన్నాడు. అది నిజమేనా, ఈ పబ్ తీసుకోవచ్చా అని అడిగారు.

గోడ తీయకూడదు. ఏజెంటు చెప్పింది తప్పు. పబ్ మాత్రం తీసుకోవచ్చు, రెండు విషయాలు కుదిరితే: వంటగది, దాని పొగగొట్టం వెనక వైపు పట్టాలి, లీజులో మరమ్మతుల భారం మొత్తం మీ నెత్తిన పడకూడదు. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా వదిలేయండి, అద్దె ఎంత చవగ్గా ఉన్నా సరే.

మాది తెనాలి. ఇక్కడ వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో పాత భవనాల మరమ్మతు సర్వేయర్‌గా పనిచేస్తున్నాను, చర్చిలు, పొలాల్లో పాత ఇళ్ళు, వాటితోపాటు పబ్బులు కూడా చూస్తుంటాను. కాబట్టి చట్టం సంగతి, గార సంగతి ధైర్యంగా చెప్పగలను. వ్యాపారం లెక్కలు మాత్రం నేను పక్కనుంచి చూసినవే, ఆ మేరకు తీసుకోండి.

ముందు ఆ లిస్టింగ్ కాగితం గురించి. ఇంగ్లండ్‌లో ఒక భవనాన్ని లిస్ట్ చేశారంటే లోపలా బయటా మొత్తం చేసినట్టే, గ్రేడ్ 1 అయినా, 2 స్టార్ అయినా, 2 అయినా. 1990 నాటి లిస్టెడ్ బిల్డింగుల చట్టం ప్రకారం భవనానికి బిగించి ఉన్న వస్తువులు కూడా అందులో భాగమే. అంటే గోడకు కొట్టిన బెంచీ, పొయ్యి చుట్టూ ఉన్న చట్రం, ఆ చిన్న కిటికీ, దాని తలుపు, అన్నీ. వెనక ఉన్న కొట్టాలు కూడా 1948 జూలై 1కి ముందువైతే, పబ్ ఆవరణలో భాగమైతే, అదే రక్షణ కిందకు వస్తాయి. పాత లిస్టింగ్ వివరణలు చాలావరకు నాలుగైదు లైన్లే ఉంటాయి, ఎందుకంటే అప్పట్లో ఒక్కో అధికారి ఊళ్ళకు ఊళ్ళు తిరిగి రాసుకుపోయాడు, చాలా చోట్ల లోపలికి అడుగు కూడా పెట్టలేదు, కొన్నిట్లో "లోపల చూడలేదు" అని వాళ్ళే రాసి పెట్టారు. ఆ కాగితం భవనాన్ని గుర్తుపట్టడానికి రాసింది. లోపలి విషయం రాయలేదు కాబట్టి దానికి రక్షణ లేదనుకోవడం ఏజెంట్లందరికీ ఉన్న జబ్బు. 2013లో వచ్చిన మార్పు తర్వాత కొత్తగా రాసే వివరణల్లో మాత్రం "ఫలానా భాగానికి ప్రాముఖ్యం లేదు, దాన్ని మినహాయిస్తున్నాం" అని స్పష్టంగా రాసే వీలు వచ్చింది. అలా రాసి ఉంటే తప్ప మినహాయింపు లేదు. మీ పబ్ కాగితం హిస్టారిక్ ఇంగ్లండ్ (ఈ జాబితా చూసుకునే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, ఒకసారి మీరే చదవండి.

అనుమతి లేకుండా గోడ తీస్తే ఏమవుతుంది? మామూలు ప్లానింగ్ ఉల్లంఘన లాగా తర్వాత అనుమతి తెచ్చుకుని సర్దుకునే వ్యవహారం కాదు ఇది. నేరం. రెండేళ్ళ దాకా జైలు, పరిమితి లేని జరిమానా, లేదా రెండూ వేసే అధికారం కోర్టుకు ఉంది. "మాకు తెలియదండీ" అనే మాట అక్కడ చెల్లదు. పైగా దీనికి కాలదోషం లేదు, ఇరవై ఏళ్ళ తర్వాతైనా కౌన్సిల్ వచ్చి మళ్ళీ ఉన్నట్టు కట్టమని నోటీసు ఇవ్వొచ్చు. ఇందులో మీరు జాగ్రత్త పడాల్సిన మెలిక ఇంకోటి ఉంది. మీకంటే ముందున్నవాళ్ళు అనుమతి లేకుండా చేసిన పనికి మీ మీద కేసు పెట్టరు గానీ, దాన్ని సరిచేయమనే నోటీసు మాత్రం ఇప్పుడు భవనం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే వస్తుంది. కాబట్టి లీజు సంతకం చేసేముందు పాత అనుమతుల ఫైలు కౌన్సిల్ వెబ్‌సైట్లో వెతకండి. పబ్‌లో కొత్తగా కనిపించే ప్రతి పనికీ, అంటే మరుగుదొడ్లు, కొత్త తలుపులు, కిటికీల మార్పు, అందులో కాగితం ఉందో లేదో సరిపోల్చుకోండి.

కౌన్సిళ్ళు ఇంత దూరం నిజంగా వెళ్తాయా అని మీకు అనుమానం రావచ్చు. లండన్ మైడా వేల్‌లో కార్ల్టన్ టావర్న్ అనే పబ్ ఉంది, 1920ల మొదట్లో కట్టింది. 2015లో, దాన్ని లిస్ట్ చేయబోతున్నారనగా, యజమాని కంపెనీ రాత్రికి రాత్రి అన్నట్టు కూల్చేసింది. కౌన్సిల్ పట్టుబట్టి మళ్ళీ ఉన్నది ఉన్నట్టు కట్టించింది, 2021లో తలుపులు తెరుచుకుంది. ఆ తర్వాత స్టాఫర్డ్‌షైర్‌లో క్రూకెడ్ హౌస్, ఒక పక్కకు ఒరిగిపోయి ఉండేది, దాన్ని చూడ్డానికే జనం వెళ్ళేవాళ్ళు. 2023 ఆగస్టు 5న తగలబడింది, 7వ తేదీకల్లా నేలమట్టం. అది లిస్టెడ్ కూడా కాదు, అయినా తిరిగి కట్టమని 2024 ఫిబ్రవరిలో నోటీసు ఇచ్చారు. ఈ రెండు కేసుల తర్వాత పబ్బుల విషయంలో కౌన్సిల్ అధికారుల మీద, మరీ ముఖ్యంగా ఊరి జనం వైపు నుంచి, ఒత్తిడి బాగా పెరిగింది. మీరు తెల్లవారుజామున గోడ కొడితే సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీకు ఖాళీ గదుల్లా కనిపిస్తున్న ఆ రెండు గదుల్లో అంత గొప్ప ఏముంది?

1830లో బీర్‌హౌస్ చట్టం వచ్చింది. ఇంటిపన్ను కట్టే ఎవరైనా సరే రెండు గినీలు చెల్లించి, మేజిస్ట్రేటు గడప తొక్కకుండానే, తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు అన్నారు. జిన్ను తాగి జనం పాడైపోతున్నారని, బీరైతే ఫరవాలేదని అప్పటి ఆలోచన. మొదటి 6 నెలల్లోనే 24,000కు పైగా కొత్త దుకాణాలు లేచాయి. రైతులు, కమ్మరులు, వితంతువులు, ఎవరికి వీలైతే వాళ్ళు ముందుగది తెరిచి అమ్మేశారు. 1869లో మళ్ళీ పగ్గాలు మేజిస్ట్రేట్ల చేతికి వెళ్ళాయి గానీ, అప్పటికే పల్లెల్లో ఇల్లూ పబ్బూ కలిసిపోయాయి. వచ్చినవాళ్ళు వంటింట్లోనో ముందుగదిలోనో కూర్చునేవాళ్ళు, ఇంటావిడ వెనక చల్లగదిలో ఉన్న పీపా నుంచి జగ్గులో బీరు పట్టుకొచ్చి పోసేది. కౌంటర్ అవసరమే లేదు. బీరును చేత్తో లాగే పంపుకు జోసెఫ్ బ్రామా 1797లోనే పేటెంటు తీసుకున్నాడు, పట్నాల్లో పెద్ద పెద్ద పబ్బులు దాన్ని, పొడుగాటి కౌంటర్లను నెత్తిన పెట్టుకున్నాయి. పల్లెల్లో చాలా చోట్ల దాని జోలికే పోలేదు.

తర్వాత 1960లనుంచి పాతికేళ్ళ పాటు బీరు కంపెనీలు పబ్బుల గోడలన్నీ కొట్టి ఒకే హాలు చేసుకుంటూ పోయాయి. ఒక్కరే నిలబడి మొత్తం కనిపెట్టొచ్చు, జీతాలు తగ్గుతాయి, మేజిస్ట్రేట్లకూ పోలీసులకూ అదే నచ్చింది. మీకు ఇప్పుడు వచ్చిన ఆలోచన వాళ్ళకు అప్పుడు వచ్చింది, అంతే. దాంతో మార్పు తగలని లోపలి భాగాలు దేశం మొత్తానికి చాలా కొద్దిగా మిగిలాయి. 1971లో పుట్టిన కామ్రా అనే బీరుప్రియుల సంఘం వీటిని ఊరూరా తిరిగి జాబితా చేసింది, ఇప్పుడు ఒకటి, రెండు, మూడు నక్షత్రాలు ఇస్తోంది. మూడు నక్షత్రాలవి దేశమంతా కలిపినా వందల్లోనే. ఆ జాబితాకు చట్టబలం లేదు, కానీ కౌన్సిల్ ఆఫీసరు మీ దరఖాస్తు చూసేముందు తెరిచే మొదటి పేజీ అదే. మీ పబ్ పేరు అందులో ఉందేమో వెతకండి. ఉంటే ఒక్కో గది గురించి, ఏ బెంచీ ఏ కాలానిదో కూడా రాసి ఉంటుంది.

ఇలాంటివి ఒకట్రెండు చూసొస్తే నేను వెయ్యి మాటల్లో చెప్పలేనిది తెలుస్తుంది. బర్క్‌షైర్ ఆల్డ్‌వర్త్‌లో బెల్ ఇన్ ఉంది, 250 ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో. కౌంటర్ లేదు, అద్దాల తలుపులున్న చిన్న కిటికీ, అందులోంచే అమ్మకం. తిండి అంటే వేడి బన్నుల్లో ఏదో ఒకటి కూరి ఇవ్వడం, సూపు, అంతకు మించి పెద్దగా లేదు. 1990లో ఒకసారి, 2019లో మరోసారి కామ్రా వాళ్ళు దేశంలోకెల్లా ఉత్తమ పబ్ అన్నారు దాన్ని. సోమర్సెట్‌లో హ్యూయిష్ ఎపిస్కోపీ అనే ఊళ్ళో రోజ్ అండ్ క్రౌన్‌కు వెళ్తే, మీరే నేరుగా రాతి బండలు పరిచిన సెల్లార్ గదిలోకి నడిచి వెళ్ళి అక్కడే బీరు అడుగుతారు. అదే జిల్లాలో టక్కర్స్ గ్రేవ్‌లో పీపాలు ముందుగది కిటికీ దగ్గరే వరసగా పేర్చి ఉంటాయి. వేల్స్‌లో పొంట్‌వైన్ అనే పల్లెలో డిఫ్రిన్ ఆర్మ్స్ ఉంది, బెస్సీ డేవీస్ అనే పెద్దావిడ 1972 నుంచి 2023లో చనిపోయేదాకా నడిపారు, పీపాలోంచి జగ్గులోకి పట్టి, చిన్న కిటికీ పక్కకు జరిపి గ్లాసు ఇచ్చేవారు. డెవన్‌లో డ్రూ ఆర్మ్స్ నడిపిన మేబెల్ మడ్జ్ గారైతే 75 ఏళ్ళు చేసి 1994లో 99వ ఏట రిటైరయ్యారు. ఇలాంటి చోట్ల పాతది మిగలడానికి కారణం ఎవరో ముందుచూపుతో కాపాడటం కాదు, అక్కడివాళ్ళకు మార్చాల్సిన అవసరం గానీ, మార్చేందుకు డబ్బు గానీ లేకపోవడమే. దాన్ని ఇప్పుడు మనం వారసత్వం అంటున్నాం.

మీ పబ్‌కు వెళ్ళినప్పుడు ఏం చూడాలో చెబుతాను. ఫోన్ టార్చ్ తీసుకెళ్ళండి.

ఎత్తైన వీపు ఉన్న చెక్క బెంచీని ఇక్కడ సెటిల్ అంటారు. అది తలుపుకు అడ్డంగా ఉంటే ఎక్కడో తెచ్చి పెట్టింది కాదని సగం నమ్మొచ్చు, ఎందుకంటే దాని పనే తలుపు తెరిచినప్పుడల్లా వచ్చే చలిగాలి పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళ వీపుకు తగలకుండా ఆపడం. దాని అడుగున వంగి చూడండి. నేలకు ఆనిన చోట చెక్క నల్లబడి, తడిబట్టతో తుడిచీ తుడిచీ ఓ రెండు మూడు అంగుళాలు అరిగి ఉంటుంది, కొన్నిసార్లు ఆ కుళ్ళిన ముక్క కోసి కొత్తది అతికి ఉంటుంది. ముంజేతులు ఆనే చోట పైపూత పోయి, పొయ్యికి దగ్గర వైపు ఒక రంగు, దూరం వైపు ఇంకో రంగు ఉంటుంది. టార్చ్ పక్కనుంచి వేస్తే రంగుపూత కింద బ్రష్షుతో గీసిన చారలు కనిపిస్తాయి. మామూలు పైన్ చెక్కను ఓక్ లాగా భ్రమింపజేయడానికి పెయింటర్లు చేతితో గీసిన గీతలవి. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. దాన్ని గీకి "అసలు చెక్క" బయటపెడదాం అని మీ కాంట్రాక్టరు అంటాడు, ఒప్పుకోకండి. ఆ పూతే అసలు, కింద ఉన్నది చవక కర్ర. పైగా పాత పొరల్లో సీసం ఉంటుంది, గీకితే ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల్లోకే.

మధ్య చెక్క గోడ గురించి రాశారు కదా, పలకకు పలక గాడిలో బిగించి నిలువుగా కొట్టినదై ఉంటుంది, విక్టోరియా కాలంలో తెగ వాడారు. పల్చగా ఉంది కదా, బరువు మోయట్లేదు, తీసేస్తే ఏమవుతుంది అనిపిస్తుంది. అది మోస్తుందా లేదా అన్నది ఒక ప్రశ్న, పాత ఇళ్ళలో పైదూలం వంగి వంగి చివరికి ఆ పల్చటి గోడ మీదే వాలి కూర్చున్నవి నేను చాలా చూశాను. అసలు విషయం వేరే. ఆ గోడకు ఇటువైపు బండల నేల, గట్టి బెంచీలు, బురద బూట్లతో వచ్చే పొలం కూలీల గది. అటువైపు చెక్క నేల, చిన్న పొయ్యి, గోడకు ఓ బెల్లు బొత్తాం, కాస్త కలిగినవాళ్ళ గది. అదే బీరు ఇటు కంటే అటు ఒక పెన్నీ ఎక్కువ ఉండేది చాలా చోట్ల. ఆ గోడ తీస్తే రెండు గదులు కలిసి పెద్దది అవడం కాదు, ఆ పబ్ ఎలా నడిచిందో చెప్పే ఆనవాలు మొత్తం పోతుంది. కౌన్సిల్‌లో పాత భవనాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసరు దీని మీద అస్సలు వంగడు. పాత కుర్చీలు, గోడల మీద ఫోటోలు, ఇత్తడి సామాన్లు తీసేస్తానంటే ఏమీ అనడు, వాటిలో సగం 1980ల్లో కంపెనీ టోకున కొని తగిలించినవే.

ఆ కిటికీ సంగతి కూడా ఇంతే. నడవాలో నిలబడి కొనుక్కునే ఏర్పాటు మీకు ఇరుకుగా అనిపిస్తుంది. కానీ కౌంటర్ కట్టాలంటే ఏదో ఒక గదిలో మూడో వంతు పోతుంది, మీ లెక్కలోనే అది నష్టం. కిటికీ వెనక ఉన్న గదిలో కొత్త పైపులు, ఫ్రిజ్, బిల్లింగ్ యంత్రం పెట్టుకోండి, అక్కడ చాలావరకు ఒప్పుకుంటారు. తిండికి ఎటూ టేబుల్ దగ్గరకే వెళ్ళి ఆర్డర్ తీసుకుంటారు కదా.

ఇప్పుడు వంటగది. మీలాంటి వాళ్ళ ప్రాజెక్టులు పబ్ గదుల దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ ఆగిపోతాయి. బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీలో పంజాబీలు నడిపే దేశీ పబ్బులు మీరు చూసే ఉంటారు, వాటిలో చాలావరకు పట్నపు పబ్బులు, వెనక పెద్ద యార్డు, ఇటుక గోడలు, డక్ట్ పైకి లాగడానికి ఇబ్బంది లేదు. పల్లెటూరి పాత ఇంటి సంగతి వేరు. రోజంతా తిరగమోతలు, వేపుళ్ళు వేసే వంటగదికి గట్టి ఎగ్జాస్ట్ కావాలి, నూనె ఆవిరి పట్టే ఫిల్టర్లు, లావుపాటి గొట్టం, కప్పు దాటి పైకి వెళ్ళాలి. ఆ గొట్టం పాత కప్పులోంచి బయటకు రావడానికి లిస్టెడ్ అనుమతి, బయట కనిపిస్తుంది కాబట్టి ప్లానింగ్ అనుమతి, వాసన, చప్పుడు గురించి పక్కింటివాళ్ళ అభ్యంతరాలు, మూడూ ఒకేసారి మొదలవుతాయి. ఎండుమిర్చి ఘాటుకు ఊళ్ళోవాళ్ళు అలవాటు పడటానికి టైమ్ పడుతుంది మరి. కప్పు గడ్డిదైతే ఇన్సూరెన్స్ వాళ్ళు తందూరు అన్న మాట వినగానే ఫోన్ పెట్టేస్తారు.

పాత పొయ్యి గొట్టంలోంచి ఎగ్జాస్ట్ పైపు దూర్చేద్దాం అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వద్దు. జిడ్డు పేరుకుంటే శుభ్రం చేయడానికి దారి ఉండదు, పాత చిమ్నీ లోపల ఎక్కడో ఒక దూలం చివర పొడుచుకొచ్చి ఉంటుంది, ఒక్కసారి అంటుకుందంటే ఇల్లంతా పోతుంది. వూస్టర్‌షైర్ బ్రెట్‌ఫర్టన్‌లో ఫ్లీస్ ఇన్ ఉంది, మధ్యయుగం నాటి రైతు ఇల్లు, 1848లో పబ్ అయింది. లోలా టాప్లిన్ గారు 1977లో చనిపోతూ, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చారు, ఇంట్లో చిప్స్ ప్యాకెట్లు అమ్మకూడదని షరతు పెట్టారని కూడా చెబుతారు. చిమ్నీలోంచి మంత్రగత్తెలు దిగకుండా పొయ్యి ముందు నేల మీద తెల్లటి వలయాలు గీసి ఉంటాయక్కడ, ఇప్పటికీ. 2004లో గడ్డికప్పు అంటుకుని పైభాగం కాలిపోయింది. అంత పెద్ద సంస్థ వెనక ఉంది కాబట్టి మళ్ళీ నిలబెట్టుకున్నారు. లీజుదారుగా మీకు ఆ వెసులుబాటు ఉండదు.

మరి దారి ఏమిటి? ముందు గదుల్ని వాటి మానాన వదిలేసి, వెనక కొత్తగా కట్టుకోవడం. హెరిఫర్డ్‌షైర్ లెంట్‌వర్డీన్‌లో సన్ ఇన్ చూడండి, మీకు దగ్గరే. ఫ్లాసీ లేన్ అనే ఆవిడ ఇంట్లోనే, ముందుగదిలోనే నడిపేవారు, 2009లో 94 ఏళ్ళ వయసులో పోయారు. అది ఇల్లుగా మారిపోతుందని అందరూ భయపడ్డారు. స్థానికులు కొన్నారు. ముందు గదులు, ఎర్ర పలకల నేల, బెంచీలు అలాగే ఉంచి, వెనక తోటవైపు కొత్తగా, చూడగానే కొత్తదని తెలిసేలా ఒక భాగం కట్టారు. తిండికి పక్కనే ఫిష్ అండ్ చిప్స్ షాపు, తెచ్చుకుని పబ్‌లో కూర్చుని తినొచ్చు. మీకు సరిగ్గా ఇలాంటిదే కావాలి. కొత్తభాగం పాతదాన్ని అనుకరించాల్సిన పని లేదు, నిజానికి అనుకరిస్తేనే ఆఫీసర్లకు నచ్చదు. వెనక కొట్టం ఉంటే అందులో వంటగది పెట్టి, మధ్యలో అద్దాల నడవాతో కలిపితే పాత గోడలో పడే రంధ్రాలు తగ్గుతాయి, దానికి ఒప్పించడం తేలిక.

గోడల చెమ్మ గురించి ఒక మాట, ఎందుకంటే మూతపడ్డ పబ్ అన్నారు, కాబట్టి చెమ్మ ఉండే తీరుతుంది. పాత గోడలు రాయి, ఇటుక, లేదా తడికకు మట్టి మెత్తి పైన సున్నం గార పూసినవి. అవి తడి పీల్చుకుంటాయి, ఆరతాయి, అదే వాటి బతుకు. సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి పక్కనున్న చెక్క చట్రం కుళ్ళుతుంది. కిందటేడు ఒక పబ్‌లో (ఊరు చెప్పను) ముందున్న లీజుదారు చెమ్మ కంపెనీని పిలిచి, గోడకు వరసగా రంధ్రాలు వేయించి రసాయనం ఎక్కించి, మీటరు ఎత్తున సిమెంటు పూయించాడు. బెంచీ వీపు చెక్కలు సిమెంటుకు ఆనుకున్న చోట వేలితో నొక్కితే లోపలికి దిగిపోయాయి. అసలు కారణం ఏమిటంటే బయట వర్షపునీటి గొట్టం పగిలి రెండు చలికాలాల పాటు అదే గోడ మీద కారింది. గొట్టం మార్చడానికి అయ్యే ఖర్చుతో పోయేది. అందుకే ఎవరైనా చెమ్మకు "ట్రీట్‌మెంట్" అన్నారంటే ముందు బయటకు వెళ్ళి గొట్టాలు, గట్టర్లు, నేలమట్టం చూడండి. మరమ్మతు సున్నంతోనే చేయించండి, నెమ్మదిగా ఆరుతుంది, ఓపిక పట్టండి, పొయ్యి రోజూ కాస్త వెలిగించండి.

పైకప్పు లోపలి వైపు పసుపు, గోధుమ రంగుకు తిరిగి ఉంటే అది దశాబ్దాల పొగాకు. 2007 జూలై 1న ఇంగ్లండ్‌లో లోపల పొగ తాగడం ఆగిపోయింది, ఆ తర్వాత తెల్ల రంగు వేస్తే ఆ మచ్చ మళ్ళీ ఉబికి పైకి వస్తుంది. మామూలుగా మళ్ళీ రంగు వేయడానికి ఎక్కువసార్లు అనుమతి అక్కర్లేదు, కానీ పాత గోడకాగితం, చేత్తో గీసిన చారల పూత, పాత బోర్డు రాతలు ఉంటే అడగకుండా ముట్టుకోకండి. కరెంటు వైరింగ్, అగ్ని హెచ్చరిక వ్యవస్థ, అత్యవసర దీపాలు ఎటూ మార్చాలి, అవి మార్చకపోవడమే తప్పు. వైర్లు గార చెక్కి లోపల దాచకుండా పాత గాడుల వెంట, బెంచీల కింద నడిపించే ఎలక్ట్రీషియన్‌ను పట్టుకోండి. పాత తలుపులు తీసి ఫైర్ తలుపులు పెట్టాలని ఎవరైనా అంటే, వాటికే వేడికి ఉబ్బే పట్టీలు, పూతలు వేసి బలపరచే పద్ధతి ఉందని గుర్తుచేయండి.

లీజు మాటకొస్తే, ఏజెంటు పంపిన కాగితంలో పూర్తి మరమ్మతు, ఇన్సూరెన్స్ అద్దెదారుదే అని ఉందేమో చూడండి, ఉండే అవకాశమే ఎక్కువ. మామూలు భవనానికే అది బరువు. నాలుగైదేళ్ళు ఖాళీగా పడున్న లిస్టెడ్ భవనానికి అలా సంతకం చేస్తే, కప్పు రేపు కూలినా మీరే కట్టాలి, అదీ అవే రాతి పలకలతో. సంతకానికి ముందు ఫోటోలతో ఇప్పటి స్థితి నివేదిక రాయించి దాన్ని లీజుకు జతచేయించండి, ఇప్పుడున్నదానికంటే మెరుగుపరిచే బాధ్యత మాది కాదు అని రాయించండి. కప్పు, బయటి గోడలు యజమానివే అని ఒప్పుకోకపోతే అద్దె లేని నెలలు అడగండి. బీరు వాళ్ళ దగ్గరే కొనాలన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి, మీ లాభం తిండి మీదే అయితే ఫరవాలేదు గానీ ముందే లెక్క వేసుకోవాలి. సాలిసిటర్ విషయంలో మాత్రం ఇళ్ళ రిజిస్ట్రేషన్లు చేసే తెలిసినాయన చాలని పొదుపు చేయకండి.

వ్యాపారం మాట నా పరిధి కాదన్నాను గానీ ఒక్కటి చెప్పాలనుంది. ఆ గదుల కోసమే దూరాల నుంచి వచ్చే జనం ఉన్నారు, కామ్రా జాబితా పట్టుకుని వారాంతాల్లో తిరిగేవాళ్ళు. పీపాలోనే ఇంకా పులుస్తూ ఉండే బీరు వాళ్ళకు కావాలి, మన కల్లు లాగానే అది ఆ రోజుకు ఆ రోజు రుచి మారే సరుకు, సెల్లార్‌ను 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచి జాగ్రత్తగా చూసుకోవాలి. దాన్ని సరిగా పోయడం నేర్చుకుంటే వాళ్ళే మీ పప్పన్నం గురించి కూడా నలుగురికీ చెబుతారు. ఎనభై మందికి ఒకేసారి వడ్డించే హాలే కావాలనుకుంటే మాత్రం ఇది మీ భవనం కాదు, టెల్‌ఫర్డ్‌లో ఏ 1970ల నాటి పబ్ అయినా తీసుకోండి, గోడలు మీ ఇష్టం.

ఇప్పుడు చేయాల్సింది: కౌన్సిల్‌కు ముందస్తు సలహా కోసం రాయండి, దానికి ఫీజు ఉంటుంది, కానీ కన్జర్వేషన్ ఆఫీసరు వచ్చి ఏది కుదురుతుందో కాగితం మీద ఇస్తాడు. అసలు లిస్టెడ్ అనుమతి దరఖాస్తుకు ఫీజు లేదు, నిర్ణయానికి 8 వారాలు అంటారు, అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి. ఆ సలహా లేఖ చేతికి వచ్చేదాకా ఏజెంటుకు డిపాజిట్ ఇవ్వకండి, "ఇంకో పార్టీ రెడీగా ఉంది" అని తొందర పెడతాడు, పెట్టనివ్వండి.

పబ్ వెనక కొట్టం గానీ ఖాళీ యార్డు గానీ ఉందో లేదో మీ ప్రశ్నలో రాయలేదు. అది చెప్పండి, వెనకవైపు కప్పు కనిపించేలా ఒక ఫోటో కూడా పెట్టండి. ఎగ్జాస్ట్ గొట్టం ఎటు పంపొచ్చో చూసి కింద కామెంట్లో రాస్తాను.